నూట పన్నెండు కిలోల మేనల్లుడికి స్నోబోర్డు: వన్‌టౌన్ నుంచి జాలరిపేట దాకా

విశాఖపట్నంలో స్నోబోర్డు కొనవలసిన అవసరం ఎవరికైనా ఎందుకు కలుగుతుందని చదువరులు అడగవచ్చు. మాకు కలిగింది. నా చెల్లెలి కుమారుడు విశ్వం ఉక్కు కర్మాగారంలో, ఎర్రగా కాలిన కడ్డీలను సాగదీసే విభాగంలో పని చేస్తాడు. వయస్సు ముప్పై ఆరు, ఎత్తు ఆరడుగుల నాలుగంగుళాలు, బరువు నూట పన్నెండు కిలోలు. తోటి ఉద్యోగులతో కలిసి ఒకసారి హిమాలయాలలోని ఔలీకి వెళ్లి, రెండు కాళ్లూ ఒకే పలకకు బిగించుకొని మంచువాలుపై జారే ఆ క్రీడను చూశాడు. చూసినవాడు ఊరకుండక నేర్చుకోవడం మొదలుపెట్టాడు. రెండో ఏడు అద్దెబోర్డుపై దిగుతూ బోర్లా పడి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకొన్నాడు. రెండు నెలలు కట్టుతో ఇంట్లో కూర్చున్నాడు. మూడో ఏడు మళ్లీ వెళతానన్నప్పుడు అతని భార్య లలిత వద్దనలేదు గాని షరతు పెట్టింది. అద్దెబోర్డు ఎక్కరాదు; తన శరీరానికి సరిపడినది కొనుక్కోవాలి; సరిపడినదని నేను స్వయంగా చూసి చెప్పాలి. “మీరు చూశానంటే చాలండి మావయ్యగారూ. ఇంక నేనేమీ అడగను” అంది. నేను మాట ఇచ్చాను. సంస్కృతాంధ్రాలు బోధించి పదవీవిరమణ చేసినవాడికి మంచుపలకలను గురించి ఏమి తెలుసునని ఆమె అడగలేదు. నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

రెండువేల ఏడో సంవత్సరం చివరి రోజులలో, ఒక శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నరకు పెందుర్తిలో సిటీబస్సు ఎక్కాము. గోపాలపట్నం, ఎన్.ఎ.డి. కూడలి, కంచరపాలెం మీదుగా వన్‌టౌన్‌లోని పాత పోస్టాఫీసు చేరడానికి గంటా పావు పట్టింది. తలకు పదకొండు రూపాయలు. ఎత్తరులు ఈ దారిలో కిటికీ పక్క కాక నడవా పక్క సీటు పట్టుకోవడం మేలు, కాళ్లు చాపుకోవచ్చు. విశ్వం తన మంచుబూట్లను గుడ్డసంచిలో పెట్టి ఒళ్లో ఉంచుకొన్నాడు. కిందటి ప్రయాణంలో ఢిల్లీలో ఎన్నో కొట్లు తిరిగితే దొరికిన పన్నెండో నంబరు జత అది. జేబులోంచి మడతకాగితాలు తీసి చదువుతుంటే, అవి ఏమిటని అడిగాను. “ఏం లేదండి మావయ్యా, ఇంటర్నెట్టు సెంటర్లో తీయించినవి” అని మడిచి మళ్లీ జేబులో పెట్టుకొన్నాడు. నేను ఆ సంగతి అంతటితో విడిచిపెట్టాను.

వన్‌టౌన్‌లో బస్సు దిగిన చోటుకు ఎదురుగా ఒక చిన్న పాకహోటలు ఉంది. ఇడ్లీలు వేస్తున్నావిడ విశ్వాన్ని ఆపాదమస్తకం ఒకసారి చూసి, అడగకుండానే ఆకులో మరో రెండు వేసింది. వాటికి డబ్బు తీసుకోలేదు. అక్కడి నుంచి నాలుగు సందులు లోపలికి నడిస్తే ఖాదర్ సాహెబు కొట్టు. ఓడలవారు అమ్ముకొన్న సామాను ఆయన మూడు దశాబ్దాలుగా కొని అమ్ముతున్నాడు. దూరదర్శినులు, వానకోట్లు, ఉన్నికోట్లు, లైఫ్‌జాకెట్లు పైకప్పు దాకా వేలాడుతుంటాయి. ఉత్తర దేశాల నావికుల నుంచి రెండు స్నోబోర్డులు వచ్చాయని విశ్వం మిత్రుడొకడు చెప్పినందుకే మేము ఇంత దూరం వచ్చాము. కొత్తవి ఢిల్లీ నుంచి తెప్పించాలంటే సరకు చేరేలోపు మంచు కరిగిపోతుంది.

ఆ రెండు బోర్డులను వర్ణించడం అవసరం. మొదటిది నూట డెబ్బై ఒక్క సెంటీమీటర్ల పొడవు. పైన ఎగురుతున్న కొంగల బొమ్మ. నడుము సన్నము, పాతిక సెంటీమీటర్ల వెడల్పు. రెండోది నూట అరవై ఐదు పొడవు. బొమ్మ ఏదీ లేదు. బూడిదరంగు, అంచులలో గీతలు. నడుము ఇరవై ఏడు సెంటీమీటర్లు. రెండింటినీ గట్టిమంచుపైనా మెత్తనిమంచుపైనా, కొండ అంతటా వాడుకోవచ్చునని ఖాదర్ సాహెబు ఓడవారి నుంచి విని చెప్పాడు. ఔలీలో నేర్పే గురువు ఫోనులో చెప్పిన కొలత నాకు గుర్తుంది: నిలబెడితే బోర్డు కొస గడ్డానికీ ముక్కుకూ నడుమ ఉండాలి. ఆ మాట వినగానే నాకు ఎంతో సంతోషం కలిగింది. ఉపనయనంలో వటువు చేతికిచ్చే దండానికి మన ధర్మశాస్త్రం సరిగ్గా ఇటువంటి కొలతే చెబుతుంది: ఒకరికి జుట్టు దాకా, ఒకరికి నుదుటి దాకా, ఒకరికి ముక్కు దాకా. దేశాలు వేరైనా ప్రమాణం ఒకటే అనుకొన్నాను. కొంగలబోర్డు విశ్వం కింది పెదవి దాకా వచ్చింది. బూడిదది గడ్డానికి రెండు వేళ్లు కిందనే ఆగిపోయింది.

ఖాదర్ సాహెబు కళ్లద్దాలు తీసి తుడుచుకొంటూ, “పొడుగుది అందంగానే ఉంది పంతులుగారూ. జరా ఆయన కాళ్లు కూడా చూడండి” అన్నాడు. కొంగలబోర్డు వెనకభాగాన చిన్న అక్షరాలతో డెబ్బై నుంచి తొంభై కిలోలు అని, బూడిదదానిపై నూట ఇరవై దాకా అని అచ్చు వేసి ఉంది. ఆ అంకెలు నేనూ చదివాను. చదివి, వాటిని ఒక వాదంతో కొట్టివేశాను. మనిషి బరువు పండక్కి పెరుగుతుంది, జ్వరానికి తగ్గుతుంది. ఎత్తు పెరగదు, తగ్గదు. మారేదానిని ప్రమాణంగా స్వీకరించరాదు. కావున ఎత్తే ప్రమాణం. ఆ వాదంలో నాకు ఎక్కడా లోపం కనిపించలేదు. విశ్వం వైపు తిరిగి ఏమంటావని అడిగాను. జేబుమీద చెయ్యి వేసుకొని, “మీ ఇష్టమేనండి” అన్నాడు.

నాలుగున్నరవేలు చెల్లించాము. ఖాదర్ సాహెబు న్యాయంగా రెండు మాటలు చెప్పాడు. సరిపడకపోతే ఆ రోజే తెస్తే తిరిగి తీసుకొంటాడు. కాని రెండోదాన్ని మాకోసం అట్టే పెట్టలేడు. భీమునిపట్నం దారిలో కొత్తగా కట్టిన ఒక హోటలువారు హాలు గోడకు తగిలించుకోవడానికి, మిగిలినది ఏదైనా సరే, సాయంత్రం నాలుగు గంటలకు వచ్చి పట్టుకుపోతారు. జుమ్మా నమాజు కోసం పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా కొట్టు మూసి ఉంటుంది. శుక్రవారం ఆ వీధులకు వెళ్లదలచినవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

లలితకు ‘చూశాను’ అని చెప్పాలి గనక, విశ్వం దానిపై నిలబడి ఒక్కసారైనా ఇసుకలో జారగా కళ్లారా చూడాలనుకొన్నాను. ఆటో మాట్లాడాము. డ్రైవరు పేరు అప్పలరాజు, నలభై ఏళ్లవాడు. బోర్డు ఆటోలో అడ్డంగా పట్టక, విశ్వం భుజం మీదుగా బయటికి పొడుచుకొని ఉండగా బయలుదేరాము. అది ఏమిటని అతడు అడిగితే మంచు మీద జారే పలక అని చెప్పాను.

“మంచెక్కడిది బాబూ మన కాడ? ఐసు ఫేక్టరీకేటి తీసుకెల్తన్నారు?” అన్నాడు.

విశ్వం పకపకా నవ్వాడు. ఆ రోజంతటిలో అతడు నవ్వడం అదే మొదలు. ఒడ్డు బాగా వాలుగా ఉండే చోటు కావాలంటే జాలరిపేటే మంచిదని, తన మేనమామ పోలయ్య అక్కడే ఉంటాడని, చిన్ననాటి నుంచి తెప్పలు కట్టిన చెయ్యి అని అప్పలరాజు చెప్పాడు. బీచిరోడ్డు మీదుగా ముప్పావుగంట. అక్కడ ఆగి మళ్లీ వన్‌టౌన్‌కు తెచ్చి దింపేందుకు నూట యాభై రూపాయలకు ఒప్పుకొన్నాడు.

జాలరిపేట చేరేసరికి ఒంటిగంట కావస్తోంది. మేము తెచ్చుకొన్న పెరుగన్నం ఒక పడవ నీడన తిన్నాము. విశ్వం మంచుబూట్లు తొడుక్కొని బోర్డుకు కాళ్లు బిగించుకొంటుంటే, ఖాళీ తట్టలతో తిరిగి వస్తున్న ఆడవాళ్లు నలుగురు ఆగి చూశారు. వారిలో పెద్దావిడ, “ఏటి బాబూ, ఆ సెక్కేసుకుని సేపలకెల్తావా? సేపలు నవ్వుతాయి” అంది. పక్కావిడ, “సెక్క ఏడుత్తాది గదే ముందు” అంది. విశ్వం లేచి నిలబడి ఇసుకవాలుపై పది అడుగులు జారి, మలుపు తిప్పబోయి ముందుకు పడ్డాడు. రెండోసారీ అలాగే పడ్డాడు. రెండుసార్లూ కుడిచేయి నేలకు తాకకుండా గుండెకు హత్తుకొని పడడం నేను గమనించాను. ఇసుకకు అలవాటు లేదు గనక పడుతున్నాడని నాకు నేను చెప్పుకొన్నాను.

అప్పటిదాకా వల బాగు చేసుకొంటూ కూర్చున్న పోలయ్య అప్పుడు లేచి వచ్చాడు. డెబ్బై దాటినవాడు, అరచేతులు తాడురాపిడికి నున్నబడి ఉన్నాయి. బోర్డును విప్పించి, పాత తెప్పదుంగలు రెండు ఎడంగా పెట్టి వాటిపై దాన్ని అడ్డంగా పరిచాడు. మధ్యలో నిలబడమన్నాడు. విశ్వం ఎక్కగానే బోర్డు వంగి కింది ఇసుకను తాకింది. అప్పలరాజును ఎక్కించాడు; సగమే వంగింది. తర్వాత విశ్వం కాళ్లు మళ్లీ బిగించి, తడి ఇసుకపై నిలబెట్టి, బోర్డును వేళ్లవైపు అంచుపైకి వాల్చమన్నాడు. బూట్లు రెండు పక్కలా రెండేసి వేళ్ల మందం బయటికి ఉన్నాయి. బోర్డు అంచు ఇసుకలో దిగకముందే బూటుముక్కు దిగబడింది. అంచు ఇసుకను కోయవలసిన చోట బూటు దున్నుతోంది.

“సూడండి, అంచు పట్టుకోనేదు, బూటు పట్టుకుంది. అక్కడే బోర్లా పడతన్నాడు” అన్నాడు పోలయ్య.

ఔలీలో ఎలా పడ్డాడో విశ్వాన్ని అడిగాను. వేళ్లవైపుకు తిప్పబోయి ముందుకు పడ్డానని చెప్పాడు. అయినా వాదించే అలవాటు నన్ను విడవలేదు. పోలయ్యకు కొలత చెప్పాను, గడ్డమూ ముక్కూ చూపించాను, దండం సంగతి కూడా వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

“కర్రకైతే పొడుగే సూత్తారు బాబూ. కర్రని మనం మోత్తాం. తెప్ప మనల్ని మోత్తాది. మా నాయన కొత్త తెప్ప కట్టాలంటే ముందు ఆ ఇంట్లో బరువైన మనిసిని పిలిసి, వొచ్చి కూకోమనేవోడు. ఆడ్ని సూసి దుంగలు ఎంచేవోడు. ఎంత పొడుగున్నావురా అని ఎవుల్నీ అడగనేదు.”

విశ్వం వైపు చూశాను. అతడు జేబులోని కాగితాలు తీసి నాకిచ్చాడు. నాలుగు పుటలు. పొడవైన, బరువైన వ్యక్తి బోర్డు ఎంచుకోవడం ఎలాగో అందులో క్రమంగా ఉంది. మొదట బరువు చూడాలి. బరువైనవారికి మెత్తనిది పనికిరాదు, వంగి మలుపులో అంచు విడిచిపెడుతుంది. తర్వాత బూటు పొడవు. పెద్దపాదాలవారికి నడుము వెడల్పైనదే కావాలి. ఎత్తు అన్నిటికంటె చివరిది. గడ్డమూ ముక్కూ కొలత మధ్యరకం మనుషులకు చెప్పే స్థూలమైన లెక్క మాత్రమే. ‘బరువు’ అన్న మాట కింద ఎర్రసిరాతో రెండు గీతలు గీసి ఉన్నాయి.

“ఇవి ఎప్పుడు చదివావు?”

“పది రోజులైందండి.”

“కొట్లో ఎందుకు చెప్పలేదు?”

“మీరు చెప్పాక నేనేమంటానండి మావయ్యా.”

“మరి ఈ బోర్డుతోనే కొండ దిగేవాడివా?”

అతడు బూట్ల ముడులు విప్పుకొన్నాడు. తర్వాత, “దిగేవాణ్ణేనండి” అన్నాడు.

పోలయ్య పక్కకు తిరిగి వల దగ్గరికి వెళ్లిపోయాడు. గడియారం చూస్తే మూడు కావడానికి పది నిమిషాలుంది. అప్పలరాజును తొందరపెట్టి బయలుదేరాము. ఫిషింగ్‌హార్బరు దాటాక బొగ్గులారీలు బారులు తీరి దారి మూసుకుపోయింది; పావుగంట కదలలేదు. ఆ పావుగంటా నేను బోర్డును ఒళ్లో పట్టుకొని, దానిపై కొంగలను చూస్తూ కూర్చున్నాను. లలితకు చెప్పబోయే మాట నోటిలో కూర్చుకోబోతే కుదరలేదు.

నాలుగుకు అయిదు నిమిషాలుండగా సందు మొదట్లో దిగి నడిచాము. కొట్టు ముందు జీపు ఆగి ఉంది. బూడిదబోర్డును ఇద్దరు మనుషులు జీపుకప్పుపై తాళ్లతో కడుతున్నారు. హోటలు మేనేజరు, ముప్పై ఏళ్ల యువకుడు, పక్కన నిలబడి ఉన్నాడు. ఖాదర్ సాహెబు నన్ను చూడగానే సంగతి గ్రహించాడు. “డబ్బు పుచ్చుకున్నాను పంతులుగారూ. మాట అయిపోయింది. ఇంక వారిదే” అన్నాడు. ఆయన చెప్పినది ధర్మమే.

కావున ఆ అపరిచితుడికి నేనే చెప్పవలసి వచ్చింది. జీవితంలో తరగతిగదుల ముందు ఎన్నో చెప్పాను గాని, ఇది చెప్పడం కష్టమైంది. “అయ్యా, మా మేనల్లుడికి ఏది సరిపడుతుందో అతనికి తెలుసు. ఈ సాహెబుగారికీ తెలుసు. తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. ఇద్దరినీ మాట్లాడనివ్వక నేను తప్పుది ఎంచాను. కిందటిసారి ఇటువంటి దానిపైనే పడి చెయ్యి విరిగింది. మీకు అభ్యంతరం లేకపోతే ఇది తీసుకొని అది ఇప్పించండి” అన్నాను. విశ్వం తల వంచుకొని నిలబడ్డాడు.

మేనేజరు నా చేతిలోని బోర్డును తీసుకొని అటూ ఇటూ తిప్పాడు. రెండింటిలో ఏది పొడుగని అడిగాడు. కొంగలదే అని చెప్పాను. “గోడకి ఇదే బాగుంటుంది కదండీ! బొమ్మ కూడా ఉంది. అదేమో బల్లచెక్కలా ఉందని ఇందాకణ్ణుంచీ అనుకుంటున్నాను” అని, తాళ్లు విప్పమని మనుషులకు చెప్పాడు.

ఖాదర్ సాహెబు మీసం చాటున నవ్వుకొన్నాడు. “మీరు ఎంచింది మంచిదే పంతులుగారూ. గోడకి.”

ఈసారి తీసుకొనేముందు ఆ గుమ్మంలోనే అన్నీ పరీక్షించాము. రెండు స్టూళ్లపై పరచి విశ్వం నిలబడితే బోర్డు కొద్దిగా వంగి, దిగగానే తిరిగి లేచింది. అంచుపై వాల్చితే గచ్చుకు మొదట ఇనుప అంచే తగిలింది. బూట్లు పక్కలకు ఒక్కొక్క వేలి మందమే మిగిలాయి. ఇంకేమైనా చూడాలా అని నేను విశ్వాన్ని అడిగాను. అతడు ఇంకా రెండు చూశాడు: కాళ్లు బిగించే పట్టీల మరలు, అడుగున గీతలు. ఎందుకు చూస్తున్నాడో నాకు వివరించి చెప్పాడు. ఆ రోజు అతడు నాతో వరసగా అయిదారు వాక్యాలు మాట్లాడడం అదే మొదటిసారి.

ఏడు గంటలకు ఇల్లు చేరి లలితకు జరిగినదంతా, నా వాదంతో సహా, చెప్పాను. ఆమె నన్ను కాదు, భర్తను చూసి, “ఆ కాయితాలు ఇలా ఇయ్యండి, నేనూ చదువుతాను” అంది. భోజనాల వేళ బూటు సంచిలోంచి తీసి బోర్డుపై తానే పెట్టి, పక్కకు వాల్చి చూసుకొంది.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో విశ్వం ఔలీ నుంచి ఫోను చేశాడు. లలిత మొదట అడిగినది చెయ్యి సంగతే. బాగానే ఉందన్నాడు. పోయినేడు పడిన వాలులోనే పై నుంచి కింది దాకా మూడుసార్లు దిగాడట. తిరిగి వచ్చాక ఒక ఛాయాచిత్రం చూపించాడు. అందులో అతడు లేడు. మంచుపై వంపులు తిరుగుతూ దిగిన సన్నని గీత ఒక్కటే ఉంది. దాని పక్కన బూటు దున్నిన చారిక ఎక్కడా లేదు. ఆ చిత్రాన్ని నా బల్లమీద, నిఘంటువుల పక్కన పెట్టుకొన్నాను.

నేను చదివిన శాస్త్రాలలో తప్పు లేదు. దండానికి చెప్పిన కొలత దండానికి సరైనదే. దానిని తీసుకువచ్చి ఒక మనిషి ప్రాణాన్ని మోసే వస్తువుకు పెట్టడం నా తప్పు. అంతకంటె పెద్ద తప్పు మరొకటి ఉంది. నాకు మర్యాద ఇవ్వడం కోసం తెలిసినదాన్ని జేబులో పెట్టుకొని కొండ దిగడానికి సిద్ధపడేటట్టు ఒక మనిషిని పెంచినవాళ్లలో నేనూ ఒకణ్ణి. పెద్దల మాట వినాలని జీవితమంతా పాఠం చెప్పాను. పెద్దలు ఎప్పుడు అడగాలో చెప్పలేదు. భీమునిపట్నం దారిలో వెళ్లినప్పుడు ఆ హోటలు హాలులోకి తొంగి చూశాను. కొంగలు గోడపై చక్కగా ఎగురుతున్నాయి.

ఇటువంటి కొనుగోలుకు బయలుదేరేవారికి ఒక్క సూచన. మంచులో తొడుక్కొనే బూట్లను కొట్టుకు వెంట తీసుకువెళ్లండి. బోర్డుపై మీ పూర్తిబరువు మోపి, అంచుపై వాల్చి, నేలకు ముందుగా తగిలేది అంచో బూటో చూసుకోండి. వెంట పెద్దవారు ఉన్నట్లయితే, వారి అభిప్రాయం చివర అడగండి.